నీలగిరి పత్రిక ఎటు పోయింది?

(చదువుల కేంద్రంలో ఒక సాయంత్రం చెప్పిన మాటలు)



పొద్దంతా పత్తి ఏరి వచ్చారు. ఇంటికి పోయి వంట చేసుకోవాలి. అయినా ఇక్కడ కూర్చున్నారు. అందుకే ఎక్కువసేపు ఆపను. ఒక్క ముచ్చట చెప్తాను.

పోయిన వారం ఏం జరిగిందో గుర్తుందా? ఒక అక్క అంగడి నుంచి మిర్చీలు తెచ్చింది. అందరం తిన్నాం. పొట్లం కాగితం పారేయబోయి ఆమె ఆగింది. నూనె మరకల నడుమ అక్షరాలు కూడబలుక్కుంది. "బోరు... బావి... ఎండింది" అని చదివింది. "టీచరమ్మా, ఇది మన మండలం ముచ్చటే" అన్నది. తేదీ చూస్తే రెండేళ్ల కిందటిది. పక్కన ఉన్న పెద్దమ్మ నవ్వింది. "పాత పేపరు ఎందుకే? అది పొట్లానికే పనికొస్తది" అన్నది.

అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను. కానీ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాత పేపరు పొట్లానికేనా? ఆ మాటకు జవాబు చెప్పాలనిపించింది. ఇవాళ అదే చెప్తాను.

నల్లగొండకు సొంత పత్రిక

నల్లగొండకు పాత పేరు ఏమిటో తెలుసా? నీలగిరి. గిరి అంటే కొండ. ఆ పేరుతోనే మన దగ్గర ఒక పత్రిక ఉండేది.

ఇది నూరేళ్లు దాటిన మాట. అప్పుడు ఇక్కడ నిజాం రాజ్యం. కచ్చేరీలో ఉర్దూ. కోర్టులో ఉర్దూ. సర్కారు కాగితం వస్తే చదివి చెప్పేవాళ్ల కోసం వెతకాలి. ఇంట్లో, చేలో, బాయి కాడ మాట్లాడేది మాత్రం తెలుగు. తెలుగు బడులు చాలా తక్కువ. ఇక ఆడవాళ్ల చదువు సంగతి చెప్పే పనే లేదు.

ఆ కాలంలో తెలుగు కోసం కొందరు పూనుకున్నారు. 1918లో నల్లగొండలో ఒక తెలుగు గ్రంథాలయం మొదలైంది. దాని పేరు ఆంధ్ర సరస్వతీ గ్రంథ నిలయం. ఆ తర్వాత 1922 ఆగస్టులో నల్లగొండ నుంచే ఒక వారపత్రిక వచ్చింది. అదే నీలగిరి పత్రిక. దాన్ని నడిపింది షబ్నవీసు వెంకట రామనరసింహారావు గారు.

ఒక్కసారి ఆలోచించండి. అప్పుడు నల్లగొండ చిన్న ఊరు. కరెంటు దీపాలు లేవు. పేపరు కొనేవాళ్లు ఎందరు? చదివేవాళ్లు ఎందరు? అయినా వారం వారం అచ్చు వేయాలని ఒక మనిషి నడుం కట్టారు.

అదే ఏడాది, అదే నెలలో ఇంకొక పత్రిక కూడా పుట్టింది. దాని పేరు తెనుగు. అది వచ్చింది ఇనుగుర్తి అనే పల్లెటూరి నుంచి. అప్పుడు అది వరంగల్ జిల్లా. ఒద్దిరాజు సీతారామచంద్రరావు గారు, ఒద్దిరాజు రాఘవరంగారావు గారు అనే ఇద్దరు అన్నదమ్ములు దాన్ని నడిపారు. పట్నంలో కాదు, ఊళ్లోనే ప్రెస్సు పెట్టారు. ఊళ్లోనే అచ్చు వేశారు.

మహబూబ్‌నగర్ ఇంకా ముందే మేలుకున్నది. 1913లోనే అక్కడి నుంచి హితబోధిని అనే మాసపత్రిక వచ్చింది. బి. శ్రీనివాస శర్మ గారు దానికి సంపాదకులు. సంపాదకుడు అంటే పత్రికలో ఏం రావాలో చూసే పెద్ద.

అంటే ఏమిటి? మన పాలమూరు, మన నల్లగొండ చదువు లేని చోట్లు అని లోకం అంటుంది. కానీ నూరేళ్ల కిందటే ఇక్కడ తెలుగు పత్రికలు అచ్చు అయ్యాయి.

ఒక్కొక్క అక్షరం ఏరి

ఆ కాలంలో అచ్చు ఎట్లా వేసేవారు? ఇప్పటి లాగా కంప్యూటరు లేదు. సీసంతో పోసిన అక్షరాలు ఉండేవి. ఒక్కొక్క అక్షరం ఒక్కొక్క చిన్న ముక్క. క ఒక ముక్క. కా ఒక ముక్క. కి ఇంకొక ముక్క. వత్తులకు వేరే ముక్కలు.

పెద్ద చెక్క అరల్లో ఈ ముక్కలన్నీ వేరు వేరు గళ్లలో పోసి పెట్టేవారు. మన పోపుల పెట్టె లాగే అనుకోండి. జీలకర్ర ఒక గడిలో, ఆవాలు ఒక గడిలో. కానీ ఈ పెట్టెలో వందల గళ్లు. కంపోజిటరు అనే పనివాడు నిలబడి ఒక్కొక్క అక్షరం ఏరేవాడు. పత్తి ఏరినట్టే. వరుసగా పేర్చేవాడు. ఆ అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. తిరగబడిన అక్షరాన్నే అతను గుర్తుపట్టాలి.

మీరు గుణింతాలు నేర్చుకునేటప్పుడు ఏమన్నారు? "గింతగనం అక్షరాలు ఎట్ల గుర్తుంటయి బిడ్డా" అన్నారు. మరి ఆ పనివాడి కష్టం మీకంటే ఎక్కువ ఎవరికి తెలుస్తుంది?

పేర్చిన అక్షరాలకు సిరా పూసి, కాగితం పెట్టి అచ్చు తీసేవారు. తప్పులు దిద్దేవారు. మళ్లీ అచ్చు తీసేవారు. అచ్చు అయిపోయాక ఆ ముక్కలు విడదీసి మళ్లీ గళ్లలో వేసేవారు. మరుసటి వారం పత్రికకు అవే అక్షరాలు కావాలి. కాబట్టి అచ్చు అయిన మాట ఇక కాగితం మీదనే ఉంటుంది. ఆ కాగితం పోతే ఆ మాట కూడా పోయినట్టే.

నీలగిరి అట్లాగే పోయింది. అది కొన్నేళ్లు నడిచి ఆగింది. పాత సంచికలు ఇవాళ దొరకడం చాలా అరుదు. నల్లగొండ పేరు పెట్టుకున్న పత్రికను చూసిన నల్లగొండ మనిషి ఇప్పుడు వెతికినా కనపడడు.

పాలమూరు బిడ్డ పత్రిక

ఇంకొక పత్రిక సంగతి చూద్దాం. దాని గతి వేరు.

సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు మీరు విన్నారు. 1896లో పుట్టారు. సొంత ఊరు ఇటిక్యాలపాడు. అది ఇదివరకు మహబూబ్‌నగర్ జిల్లా. 2016లో జిల్లాలు విడిపోయాక జోగులాంబ గద్వాల జిల్లాలోకి వచ్చింది. ఆయన వకీలు చదువు చదివారు. 1926లో హైదరాబాద్ నుంచి గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. అది వారానికి రెండుసార్లు వచ్చేది. రాసేది ఆయనే. తప్పులు దిద్దేది ఆయనే. సర్కారు కోపానికి జవాబు చెప్పేదీ ఆయనే.

ఆ రోజుల్లో ఒకరు ఒక మాట అన్నారు. తెలంగాణలో తెలుగు కవులే లేరు అన్నారు. ప్రతాపరెడ్డి గారు ఏం చేశారు? తిట్టలేదు. కొట్లాడలేదు. ఊరూరా ఉన్న కవుల పద్యాలు తెప్పించారు. 1934లో గోలకొండ కవుల సంచిక అని ఒక పెద్ద పుస్తకం వేశారు. అందులో 354 మంది కవులు ఉన్నారు. ఒక్కరూ లేరన్న చోట 354 పేర్లు చూపించారు!

అక్కలారా, ఇందులో మనకు ఒక పాఠం ఉంది. ఆ కవులు అంతకు ముందు కూడా ఉన్నారు. పాడుతూనే ఉన్నారు. రాస్తూనే ఉన్నారు. కానీ వాళ్ల పేర్లు ఒక్క చోట కాగితం మీద లేవు. అందుకే లేరు అన్నారు. కాగితం మీద లేని మనిషిని లోకం లేనట్టే లెక్కేస్తుంది.

ఆ రోజుల్లో తెలుగువాళ్లు ఆంధ్ర మహాసభ పేరుతో సభలు పెట్టుకునేవారు. 1931లో మన దేవరకొండలో పెట్టారు. 1936లో షాద్‌నగర్‌లో పెట్టారు. వాటితోపాటు ఆడవాళ్ల సభలు కూడా జరిగాయి. ఆడపిల్లల చదువు గురించి మాట్లాడారు. ఆ సభలకు మన ముత్తవ్వలు ఎవరైనా పోయారా? ఏమో! ఇంట్లో అడిగితే చెప్పేవాళ్లు లేరు. ఇక చెప్పగలిగేది పాత కాగితమే.

గోలకొండ పత్రిక పాత సంచికలను కొందరు దాచారు. అందుకని ఇవాళ వాటిని కంప్యూటరు తెర మీద కూడా చదవగలుగుతున్నాం. అది ఎట్లా జరిగిందో తర్వాత చెప్తాను. నీలగిరికీ గోలకొండకూ తేడా ఇదే. ఒకదాన్ని చాలామంది దాచారు. ఇంకొకదాన్ని చాలినంత మంది దాచలేదు.

దేవరకొండలో పెరిగిన అచ్చమాంబ

పాత పత్రిక దొరికితే ఏమవుతుంది? ఒక ఆడమనిషి కథ వినండి.

ఆమె పేరు భండారు అచ్చమాంబ. 1874లో పుట్టింది. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. కొన్నాళ్లు మన దేవరకొండలో అన్న ఇంట్లో ఉన్నది. పదేళ్లకే పెళ్లి చేశారు. బడికి పంపలేదు. ఆమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు బడికి పోయేవాడు. అతని దగ్గర కూర్చొని ఆమె చదువు నేర్చుకున్నది. తెలుగు నేర్చింది. హిందీ నేర్చింది. మీ పిల్లల పలకల మీద మీరు రాసి చూసుకుంటున్నారు గదా. అట్లాగే.

తర్వాత ఆమె కథలు రాసింది. గొప్ప ఆడవాళ్ల చరిత్రలు రాసింది. 1902లో హిందూ సుందరి అనే ఆడవాళ్ల పత్రికలో ఆమె కథ ఒకటి వచ్చింది. దాని పేరు ధనత్రయోదశి. 1905లో చిన్న వయసులోనే ఆమె చనిపోయింది. లోకం ఆమె కథలను మరిచిపోయింది.

చాలా ఏళ్లు ఏమని చెప్పారు? తెలుగులో మొదటి కథ గురజాడ అప్పారావు గారు 1910లో రాసిన దిద్దుబాటు అని చెప్పారు. బడి పుస్తకాల్లో అదే. పరీక్షల్లో అదే. తర్వాత కొందరు పాత పత్రికలు వెతికారు. ఎనిమిదేళ్ల ముందే అచ్చయిన అచ్చమాంబ కథ దొరికింది. ఇప్పుడు ఎంతోమంది ఆమె కథనే ముందు చెప్తున్నారు.

చూశారా? ఆ పాత పత్రికను ఎవరో పొట్లం కట్టి ఉంటే ఏమయ్యేది? బడికి పోకుండా చదువు నేర్చిన ఒక ఆడమనిషి పేరు పొట్లంతోపాటు పోయేది.

మా నానమ్మ ఫొటో

అచ్చమాంబ పెద్ద మనిషి. మనలాంటివాళ్ల సంగతి ఏమిటి అని మీరు అడగవచ్చు. మా ఇంటి ముచ్చట చెప్తాను.

నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ల బాధ మీకు చెప్పాలా? పండ్లు గారలు కట్టాయి. కాళ్లు వంకర పోయాయి. నడుములు వంగిపోయాయి. 1996లో లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. మా బాధ దేశానికి తెలియాలి అని నల్లగొండలో ఒక పని చేశారు. వందల మంది నామినేషన్లు వేశారు. ఒక్క సీటుకు 480 మంది పోటీలో నిలబడ్డారు. ఓటు కాగితం పుస్తకమంత అయింది. ఎన్నికను వాయిదా వేయాల్సి వచ్చింది. అప్పుడు దేశమంతా నల్లగొండ నీళ్ల గురించి మాట్లాడింది.

ఆ రోజుల్లోనే మా ఊరి ఆడవాళ్లు ఖాళీ బిందెలతో రోడ్డు మీద కూర్చున్నారు. అందులో మా నానమ్మ ఉన్నది. ఒక పేపరతను వచ్చి ఫొటో తీశాడు. పేర్లు అడిగి రాసుకున్నాడు. మరునాడు జిల్లా పేజీలో ఫొటో వచ్చింది. ఎవరో తెచ్చి నానమ్మకు ఇచ్చారు.

నానమ్మకు చదువు రాదు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. సందూకలో పట్టుచీర కింద దాచింది. నేను అప్పటికి పుట్టలేదు.

నేను మూడో తరగతికి వచ్చాక ఒకరోజు నన్ను పిలిచింది. సందూక తెరిచింది. "బిడ్డా, ఇందులో నా పేరు ఉందంట. చదివి చెప్పు" అన్నది.

నేను కాగితం విప్పాను. పచ్చగా మారింది. అప్పడంలాగా విరుగుతున్నది. ఫొటో ఉన్నది. నానమ్మ ఉన్నది. ఆమె చుట్టూ ఇంకో అయిదుగురు ఉన్నారు. ఫొటో కింద పేర్లు ఉండాలి. సరిగ్గా అక్కడే మడత వచ్చింది. మడత మీద కాగితం పొడి పొడి అయింది. చివర "అమ్మ" అనే రెండు అక్షరాలు మిగిలాయి. అది ఎవరి పేరులోని అమ్మనో తెలియదు.

"ఉన్నదా?" అని అడిగింది నానమ్మ.

నాకు అబద్ధం చెప్పాలనిపించింది. కానీ చెప్పలేదు. "చిరిగిపోయింది నానమ్మా" అన్నాను.

ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఫొటో మీద వేలు పెట్టి ఒక్కొక్కరి పేరు చెప్పింది. ఆరుగురి పేర్లు చెప్పింది. నేను బడి నోటుబుక్కులో రాసుకున్నాను. ఇంటి పేర్లు అడగాలని నాకు అప్పుడు తెలియదు. చిన్నపిల్లను గదా.

టీచరు ట్రైనింగుకు వచ్చాక ఆ పేపరు ఇంకొక కాపీ కోసం తిరిగాను. ఆ పత్రిక ఆఫీసుకు పోయాను. అంత పాతవి మా దగ్గర లేవు అన్నారు. ఒక గ్రంథాలయానికి పోయాను. పాతవి కిలోల లెక్కన అమ్మేశాం అన్నారు. అప్పటికే నానమ్మ లేదు. ఆరుగురిలో నలుగురు ఎవరో నాకు తెలిసింది. ఇద్దరు ఎవరో ఇప్పటికీ తెలియదు. వాళ్ల పిల్లలకు, మనవలకు ఆ సంగతి తెలుసో లేదో. మా అమ్మ నీళ్ల కోసం రోడ్డు మీద కూర్చున్నది అని చెప్పుకునే భాగ్యం వాళ్లకు లేకుండా పోయింది.

అందుకే పెద్దమ్మ మాటకు నాకు నిద్ర పట్టలేదు.

కాగితానికి శత్రువులు

పేపరు కాగితం ఎందుకంత తొందరగా పాడవుతుంది? అది చవక కాగితం. కట్టెను మెత్తగా నూరి ఆ గుజ్జుతో చేస్తారు. కట్టెలో ఉండే జిగురు లాంటి పదార్థం అందులోనే మిగిలిపోతుంది. దానికి గాలి, వెలుతురు తగిలితే కాగితం పచ్చబడుతుంది. తర్వాత పెళుసు అవుతుంది. అందుకే ఎండలో పెట్టిన పేపరు కొద్ది రోజుల్లోనే రంగు మారుతుంది.

రెండో శత్రువు చెమ్మ. చెమ్మ ఉంటే బూజు పడుతుంది. మూడోది చెదలు. నాలుగోది మడత. మా నానమ్మ కాగితాన్ని కొట్టింది మడతే.

అయిదో శత్రువు వరద. హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. అక్కడ ఎన్నో పాత పుస్తకాలు, పత్రికలు దాచారు. 2000 ఆగస్టులో పెద్ద వాన కురిసింది. వరద నీళ్లు లోపలికి వచ్చాయి. వేల పుస్తకాలు తడిసిపోయాయి. వాటిని కాపాడటానికి ఎంతోమంది కష్టపడ్డారు. బాగా దాచిన చోటికి కూడా ఆపద వస్తుంది. కాబట్టి ఒక్క చోటనే ఉన్నది ఎప్పుడైనా పోవచ్చు.

మనం విత్తనాలు ఎట్లా దాస్తాం? అన్నీ ఒకే కుండలో పోస్తామా? ఒక గుమ్మి చెదలు పట్టినా ఇంకొకటి మిగలాలని చూసుకుంటాం. కాగితానికి కూడా అదే తెలివి కావాలి.

తెర మీద పాత పత్రిక

కాగితం ఒక్కటే ఉంటే రెండు చోట్ల ఎట్లా పెట్టాలి? దానికే ఇప్పుడు కొత్త పద్ధతి వచ్చింది. పత్రికలోని ఒక్కొక్క పేజీని యంత్రంతో ఫొటో తీస్తారు. దాన్ని స్కానింగు అంటారు. ఆస్పత్రిలో పొట్టకు తీసే స్కానింగు కాదు. ఇది కాగితానికి తీసేది. ఆ బొమ్మ కంప్యూటరులో ఉంటుంది. దాన్ని డిజిటల్ కాపీ అంటారు. ఎన్ని కాపీలు తీసినా అసలు కాగితం అరగదు.

తెలుగు రాష్ట్రం రెండుగా విడిపోక ముందు, అంటే 2014కు ముందు, ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ ఈ పని చేయించింది. గ్రంథాలయాల్లో ఉన్న పాత తెలుగు పత్రికలను స్కాన్ చేయించింది. అందులో గోలకొండ పత్రిక కూడా ఉంది. ఎవరో దాచిన కాగితం ఉన్నది కాబట్టి బొమ్మ తీయగలిగారు. కాగితమే లేకుంటే ఎంత గొప్ప యంత్రం ఏం చేస్తుంది?

ఇంకొక సంగతి. యంత్రం బొమ్మ తీస్తుంది. కానీ పాత తెలుగు అచ్చును అది బాగా చదవలేదు. వత్తులు కలిసిపోతే తికమక పడుతుంది. మనిషి కూర్చొని చదివి సరిచేయాలి. ఫొటోలో బిందె పట్టుకున్న మనిషి ఎవరు అంటే యంత్రం చెప్పలేదు. ఆమె ఫలానా వారి కోడలు అని మీరే చెప్పగలరు.

మనం ఏం చేయగలం?

మన అందరి చేతిలో ఇవాళ ఫోన్లు ఉన్నాయి. మనకు లేకుంటే పిల్లల దగ్గర ఉన్నాయి. మన ఊరి పాత కాగితాలను మనమే కాపాడుకోవచ్చు. ఎట్లాగో చెప్తాను. నెమ్మదిగా వినండి.

మొదట వెతకాలి. సందూకలో చూడండి. అటక మీద చూడండి. అల్మారా అరల్లో పరిచిన పేపర్లు చూడండి. పేపర్లు కిలోకు అమ్మే ముందు ఒక్కసారి తిరగేయండి. మన ఊరి పేరు కనిపిస్తే ఆ పేజీ పక్కన పెట్టండి.

రెండోది, మొరటుగా విప్పవద్దు. మడతను మెల్లగా విప్పాలి. విరుగుతుంటే ఆపాలి. నీళ్లు చల్లవద్దు. జిగురు పెట్టవద్దు. చిరుగు మీద ప్లాస్టిక్ టేపు అంటించవద్దు. కొన్నేళ్లకు ఆ టేపే మరక చేస్తుంది.

మూడోది, ఫొటో తీయాలి. పగటి పూట నీడలో తీయాలి. కాగితాన్ని చదునుగా పరచాలి. ఫోనును కాగితానికి సరిగ్గా పైన పట్టుకోవాలి. వంకరగా పట్టుకోవద్దు. ఒకసారి మొత్తం పేజీ తీయాలి. తర్వాత ముక్కలు ముక్కలుగా దగ్గర నుంచి తీయాలి. అన్నిటికంటే చిన్న అక్షరం చదవవస్తుందా అని చూసుకోవాలి. రాకుంటే మళ్లీ తీయాలి.

నాలుగోది చాలా ముఖ్యం. వివరం రాయాలి. ఏ పత్రిక? ఏ తేదీ? ఎవరి ఇంట్లో దొరికింది? ఫొటోలో ఉన్నవాళ్లు ఎవరు? ఇంటి పేరుతో సహా రాయాలి. వేరే కాగితం మీద రాసి దాన్ని కూడా ఫొటో తీయాలి. అసలు పేపరు మీద పెన్నుతో రాయవద్దు.

అయిదోది, మూడు చోట్ల దాచాలి. ఫోనులో ఒకటి. పెన్‌డ్రైవులో ఒకటి. బడిలోనో గ్రంథాలయంలోనో కంప్యూటరు ఉంటే అందులో ఒకటి. వాట్సాపులో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. మామూలుగా పంపితే బొమ్మ సన్నబడి అక్షరాలు మసకబారుతాయి. ఫోను పగిలిపోతుంది. పెన్‌డ్రైవు చెడిపోతుంది. అందుకే కొన్నేళ్లకు ఒకసారి కొత్త దాంట్లోకి ఎక్కించుకోవాలి. పచ్చడి జాడీ అప్పుడప్పుడు తీసి చూసుకుంటాం గదా. ఇది కూడా అట్లాగే.

ఆరోది, అసలు కాగితాన్ని పారేయవద్దు. మడత పెట్టకుండా, తెల్లటి కాగితాల నడుమ పెట్టి, అట్ట పెట్టెలో దాచండి. చెమ్మ గోడకు దూరంగా, ఎండ తగలని చోట పెట్టండి.

ఒక జాగ్రత్త చెప్తాను. పాత పేపర్లలో మంచి ముచ్చట్లే ఉండవు. ఒక ఇంటి చావు ఉంటుంది. ఒక ఆడబిడ్డ కష్టం ఉంటుంది. అట్లాంటివి దొరికితే నలుగురికి పంపే ముందు ఆ ఇంటివాళ్లను అడగాలి. దాచడం వేరు. దండోరా వేయడం వేరు.

చివరి మాట

షబ్నవీసు గారి కాలంలో పత్రిక పెట్టడం కష్టం. రాయడం కష్టం. అచ్చు వేయడం కష్టం. చదివేవాళ్లు దొరకడం ఇంకా కష్టం. ఇవాళ చదివేవాళ్లు మీరున్నారు. ఈ గదిలోనే ఇరవై మంది ఉన్నారు. నూరేళ్ల కింద నీలగిరి పత్రికకు మన ఊళ్లో ఇరవై మంది ఆడవాళ్లు దొరికి ఉంటే, వాళ్లు ఒక్కొక్క కాగితం దాచి ఉంటే, ఇవాళ మనం ఇట్లా అడిగేవాళ్లం కాదు.

నీలగిరి పత్రిక ఎటు పోయింది? ఎక్కడికీ పోలేదేమో. ఏ ఇంటి అటక మీదనో ఒక సంచిక ఉండవచ్చు. ఆ ఇంటివాళ్లకు చదువు రాక అది ఏమిటో తెలియకుండా ఉండవచ్చు. మీకు చదువు వచ్చింది. ఈసారి అటక దులిపేటప్పుడు పైన ఉన్న పేరు చదవండి. నీ, ల, గి, రి. నాలుగే అక్షరాలు. నాలుగూ మీకు వచ్చు.

ఆ మిర్చీల పొట్లం కాగితం నేను పారేయలేదు. నూనె మరకలతోనే ఫొటో తీసి పెట్టాను. ఎండిన బోరు బావి ఎవరిదో మీలో ఎవరికైనా తెలిస్తే రేపు వచ్చి చెప్పండి. పేరు రాసి పెడదాం.



మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో అన్నిటికంటే పాత కాగితం ఏది? దాని మీద ఏం రాసి ఉంది?
2. మన గ్రంథాలయంలో ఎన్ని నెలల పాత పేపర్లు దాస్తారు? తర్వాత వాటిని ఏం చేస్తారు? అడిగి తెలుసుకోండి.
3. మన ఊరి ఆడవాళ్లు చేసిన ఏ పని పేపరులో వచ్చింది? అందులో ఉన్నవాళ్ల పేర్లు ఇంటి పేర్లతో సహా రాయండి.